ఖాళీ బార్ పట్టుకుంటే చేతులు వణకవు

ఉత్తరాంధ్రలోని ఒక పల్లె నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న 24 ఏళ్ళ వెయిట్‌లిఫ్టర్ నాకు రాసిన ఉత్తరం ఇది. మొత్తం ఏడు పేజీలు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి, విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను. ఆ తర్వాత ఆమెకు నా జవాబు.

పదకొండో ఏట స్కూలు మైదానంలో బార్ పట్టించిన సార్ దగ్గరే ఆమె ఇప్పటికీ ప్రాక్టీస్ చేస్తోంది. జాతీయ స్థాయిలో పతకాలు వచ్చాయి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది. నాన్న ఆటో తోలుతారు. చెల్లి ఇంజినీరింగ్ ఫీజు, ఇంటి అప్పు వాయిదా ఈమె జీతంలోంచే వెళ్తాయి. ఏడాదిన్నర కిందట ఒక పోటీలో, స్నాచ్ (బార్‌ను ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) మూడో అటెంప్ట్‌లో బార్ వెనక్కి వెళ్ళిపోయి కుడి మోచెయ్యి కీలు తప్పింది. ఆపరేషన్, తొమ్మిది నెలల ఫిజియోథెరపీ. ఆ తర్వాత చెయ్యి పూర్తిగా బాగైందని ఎముకల డాక్టరు చెప్పారు.

"చెయ్యి బాగైంది గానీ నేను బాగవలేదు మేడమ్" అని రాసింది. తన పాత బెస్ట్‌లో ఎనభై పర్సెంట్ దాటిందంటే చాలు, బార్ కిందికి దూరాల్సిన క్షణంలో కాళ్ళు బిగుసుకుపోతున్నాయి. కీలు తప్పినప్పటి చప్పుడు నిద్రలో వినిపిస్తోంది. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర లేదు. హాస్టల్ బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడుస్తోంది. కేటగిరీ బరువు కోసం తిండి బాగా తగ్గించింది. ఐదు నెలలుగా నెలసరి రాలేదన్న సంగతి బ్రాకెట్లో రాసింది. "మైండ్ స్ట్రాంగ్ చేసుకో, మీ తరానికి ఓర్పు లేదు" అంటారట సార్. ఒకరోజు హాల్లో అందరి ముందూ నవ్వుతూ "నిన్ను ఎర్రగడ్డ పంపించాలే" అన్నారట. అమ్మేమో పెళ్ళి సంబంధాలు చూస్తోంది, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని. "నరాల బలానికి" అని ఊరి వైద్యుడి దగ్గర కొన్న పొడి డబ్బా ఒకటి కూడా పంపింది.

చివరికి క్యాంపులో ఉండే ఫిజియో అక్క పట్టుబట్టి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. డిప్రెషన్ అని చెప్పి, ఎస్కిటలోప్రామ్, రాత్రికి కొద్ది మోతాదులో క్లోనజెపామ్ రాశారు. ఆ మాత్రల షీట్లు 11 రోజులుగా కిట్ బ్యాగులోనే ఉన్నాయి, ఒక్క మాత్ర కూడా తియ్యలేదు. జాతీయ క్యాంపు ట్రయల్స్‌కు ఇంకా పది వారాలుంది. ఆమె అడుగుతున్నవి ఇవి: మాత్ర వేసుకుంటే డోప్ టెస్టులో దొరుకుతానా? ఉద్యోగం పోతుందా? సార్‌కు చెప్పాలా? ట్రయల్స్‌కు వెళ్ళాలా, లేక ఆటే వదిలేసి అమ్మ చెప్పినట్టు పెళ్ళి చేసుకోవాలా?

అమ్మా,

మీ ఉత్తరం ఐదో పేజీ చివర, వేరే సంగతుల మధ్య ఒక మాట దాచిపెట్టారు. "కొన్ని రాత్రులు, పొద్దున్న లేవకపోయినా బాగుండు అనిపిస్తుంది. అంతకు మించి ఏమీ లేదు మేడమ్, భయపడకండి." ట్రయల్స్, సార్, పెళ్ళి, అన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ మాట దగ్గర ఆగుదాం.

నేను భయపడటం లేదు. తేలిగ్గానూ తీసుకోవడం లేదు. ఈ సంగతి మీ డాక్టరుకు చెప్పారా? ఉత్తరం చదివితే నిద్ర లేదని, ఆకలి లేదని మాత్రమే చెప్పి వచ్చినట్టుంది. రేపే ఫోన్ చేసి ఇదీ చెప్పండి. ఎందుకంటే పాతికేళ్ళ లోపు వాళ్ళలో కొద్దిమందికి ఈ రకం మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో అలాంటి ఆలోచనలు కాస్త ఎక్కువయ్యే అవకాశం ఉంది. అందుకని మందు మానేయనక్కర్లేదు. ఆ కొద్ది వారాలూ డాక్టరు మిమ్మల్ని తొందర తొందరగా చూడాలి, మీ పక్కన ఒక మనిషికి విషయం తెలిసి ఉండాలి, అంతే. రాత్రి మూడింటికి ఆ ఆలోచన వచ్చి కూర్చుంటే 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఆలోచన ఎప్పుడైనా "ఎలా" అన్నదాకా వెళితే మాత్రం ఫోనుతో సరిపెట్టుకోవద్దు. పక్క గదిలో అమ్మాయిని లేపండి, ఇద్దరూ కలిసి దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. నిద్ర చెడగొట్టానే అని మొహమాట పడొద్దు.

ఇక కిట్ బ్యాగులో ఉన్న షీట్లు. డోప్ భయం మీదొక్కరిదే కాదు, ఆటల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంటుంది. ఉండాలి కూడా. కానీ మీ విషయంలో ఆ భయం పొరపాటున ఈ మందు మీద పెట్టుకున్నారు. ఎస్కిటలోప్రామ్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలో లేదు. అదే కుటుంబానికి చెందిన సెర్ట్రలిన్, ఫ్లూయాక్సెటిన్ లేవు. క్లోనజెపామ్ కూడా లేదు. నిషేధం ఉన్నవి వేరే. ఏకాగ్రత కుదరని జబ్బుకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్ప్రేరకాలు పోటీ సమయంలో నిషిద్ధం. గుండెదడ తగ్గించే ప్రొప్రనలాల్ షూటింగ్, ఆర్చరీ లాంటి కొన్ని ఆటల్లో నిషిద్ధం. బరువు తగ్గడానికి కొందరు దొంగచాటుగా వాడే, ఒంట్లో నీరు లాగేసే మాత్రలు ఎవరికైనా, ఎప్పుడైనా నిషిద్ధమే. జాబితా ప్రతి జనవరి 1న మారుతుంది కాబట్టి నా మాటే ప్రమాణంగా తీసుకోకండి. మందు పేరు కొట్టి చూసుకునే సదుపాయం జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే మన నాడా, ఇస్తోంది. ఇద్దరూ కూర్చుని ఒకసారి చూడండి, మీరూ ఫిజియో అక్కా. ఆ స్క్రీన్ ఫొటో తీసి తేదీతో సహా దాచుకోండి.

అసలు ప్రమాదం అమ్మ పంపిన డబ్బాలో ఉంది. అందులో ఏం కలిపారో ఆ వైద్యుడికి తప్ప ఎవరికీ తెలియదు. డబ్బా మీద పదార్థాల పట్టిక లేదు. డోప్ నిబంధనల్లో "నాకు తెలియదు" అన్నది తప్పు నుంచి తప్పించదు. శాంపిల్‌లో ఏది దొరికినా దానికి క్రీడాకారిణిదే బాధ్యత. నాలుగేళ్ళ దాకా నిషేధం పడవచ్చు. అమ్మ ప్రేమతోనే పంపింది. అయినా ఆ పొడి ముట్టుకోవద్దు. డాక్టరు రాసిన, సీలున్న, పేరున్న మాత్రను 11 రోజులు అనుమానించి, ఊరూ పేరూ లేని పొడిని "రోజూ ఒక చెంచా వేసుకుంటున్నాను" అని రాశారు చూడండి, ఏడు పేజీల్లో నన్ను ఎక్కువ కంగారు పెట్టిన చోట్లలో అదొకటి.

మాత్ర మొదలుపెడితే ఏమవుతుందో కూడా చెబుతాను. మొదటి వారం కడుపులో తిప్పినట్టు, కాస్త అశాంతిగా ఉండవచ్చు. ఉపయోగం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు, ఎనిమిది వారాలు పడుతుంది. వారంలో "ఏం మారలేదు" అని ఆపేసేవాళ్ళు చాలామంది. బాగుందనిపించగానే ఆపేసేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఇది బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించే మందు. ఆపేటప్పుడు డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. క్లోనజెపామ్ సంగతి వేరు. అది కొద్ది రోజులకే, అలవాటుపడే గుణం ఉంది, మర్నాడు పొద్దున మత్తు మిగిలే అవకాశం ఉంది. తల మీదికి బరువు ఎత్తే మనిషికి పొద్దుటి మత్తు చిన్న విషయం కాదు. "నేను పొద్దున ఆరింటికి బార్ పట్టుకుంటాను" అన్న మాట డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. మందు వేళ మార్చాలో, ప్రాక్టీస్ వేళ మార్చాలో వాళ్ళు చెబుతారు. మందు వద్దనుకునే హక్కూ మీకు ఉంది. అప్పుడు థెరపీ, అంటే మాటలతో చేసే చికిత్స, ఒక్కటే దారి. మామూలు డిప్రెషన్‌లో అదీ పనిచేస్తుంది. కానీ పొద్దున్న లేవకపోతే బాగుండు అనిపించే దశలో ఒక్కదాని మీదే ఆధారపడమని నేను చెప్పలేను.

ఇప్పుడు మోచెయ్యి. "సార్ అన్నట్టు నాకు ధైర్యం పోయింది" అని రాశారు. నేను అలా చదవలేదు. అరవై పర్సెంట్ దగ్గర రాని భయం ఎనభై దగ్గర వస్తోంది. రాత్రి ఆ చప్పుడు వినిపిస్తోంది. ఆ పోటీ జరిగిన ఊరి మీదుగా వెళ్ళే రైలు కూడా ఎక్కలేకపోయానన్నారు. ఇది పిరికితనం కాదు. జరిగిన దెబ్బను మెదడు ఇంకా జరుగుతున్నట్టే దాచుకుంది. బార్ ఆ బరువుకు చేరగానే మిమ్మల్ని కాపాడాలని కాళ్ళు ఆపేస్తోంది. కోపంతో, పట్టుదలతో దాన్ని జయించాలని చూసేకొద్దీ అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మీరు రెండు నెలలుగా చేస్తున్నది అదే కదా.

అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్ జట్టు ఫైనల్లో ఒక్క వాల్ట్ చేసి తప్పుకుంది. గాల్లో ఉండగా తన ఒళ్ళు ఎటు తిరుగుతోందో తనకే తెలియడం లేదని చెప్పింది. జిమ్నాస్టుల్లో దానికి ఒక పేరే ఉంది, ట్విస్టీస్ అంటారు. దేశం పరువు తీసిందన్నవాళ్ళున్నారు. ఆ స్థితిలో ఇంకో వాల్ట్ చేసి ఉంటే మెడ విరిగేది కావచ్చని ఆ ఆట తెలిసినవాళ్ళు అన్నారు. వారం తిరిగేసరికి బీమ్ మీద కాంస్యం తీసుకుంది, తర్వాత రెండేళ్ళు పోటీలకు దూరంగా ఉంది, థెరపీ ఆపలేదు. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం. నేను ఇక్కడ చెప్పాలనుకున్నది ఆ స్వర్ణాల గురించి కాదు. ఒళ్ళూ మనసూ విడిపోయిన క్షణంలో ఆగడం ఆటలో భాగమే అని ఆమె నమ్మింది చూడండి, అది.

ఈ భయానికి చికిత్స మాత్ర ఒక్కటే కాదు. క్లినికల్ సైకాలజిస్టు దగ్గర వారానికో గంట కూర్చోవాలి. ఆ జ్ఞాపకాన్ని భద్రమైన చోట కొద్దికొద్దిగా విప్పి చూసి, దానితో పాటు బార్ బరువునూ మెట్టు మెట్టుగా పెంచుకుంటూ వెళ్ళే పద్ధతులు ఉన్నాయి. ఒక్క జాగ్రత్త. ఆటగాళ్ళ చుట్టూ "మైండ్ కోచ్"లు, "మోటివేషన్ ట్రైనర్లు" చాలామంది తిరుగుతుంటారు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ నంబరు అడగండి, అడిగితే తప్పుపట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. పోటీకి ముందు ఏకాగ్రత నేర్పే స్పోర్ట్స్ సైకాలజిస్టు తర్వాత కావాలి. ఇప్పుడు మీకు కావలసింది జబ్బు చూసే మనిషి.

మీరు బ్రాకెట్లో పెట్టిన మాటకు వస్తాను. ఐదు నెలలుగా నెలసరి లేకపోవడం "లిఫ్టర్లకు మామూలే" అని సీనియర్ చెప్పిందన్నారు. మామూలు కాదమ్మా. చేసే శ్రమకు సరిపడా తిండి లేనప్పుడు ఒళ్ళు ఒక్కో పనీ ఆపేస్తూ వస్తుంది. నెలసరి ఆగుతుంది, ఎముక బలం తగ్గుతుంది, గాయాలు తొందరగా మానవు, నిద్ర చెడుతుంది, మనసు కుంగుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే దీనికి ఒక పేరు పెట్టి క్రీడా వైద్యులను హెచ్చరించింది. మీ దిగులులో ఎంత భాగం తిండి లేకపోవడం వల్ల వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. రక్తహీనత, థైరాయిడ్, బి12, విటమిన్ డి పరీక్షలు చేయించండి, గైనకాలజిస్టును కలవండి. పెళ్ళి కాని అమ్మాయి గైనకాలజిస్టు దగ్గరికా అని అమ్మ అనవచ్చు. ఫిజియో అక్కతో వెళ్ళండి. అవసరమైతే ఒక కేటగిరీ పైకి వెళ్ళే సంగతి కూడా ఆలోచించాలి. కొత్త కేటగిరీలో పోటీ కష్టమవుతుంది, ర్యాంకు పడిపోతుంది, నిజమే. కానీ ఖాళీ కడుపుతో పాత కేటగిరీలో గెలవడం మీకు ఇప్పటికే ఎంత ఖర్చయిందో చూశారు.

సార్ గురించి రాయడం నాకు కష్టంగా ఉంది. పదకొండేళ్ళ పిల్లలో లిఫ్టర్‌ను చూసిన మనిషి. మీకు లిఫ్టింగ్ షూస్ లేని రోజుల్లో, సొంత డబ్బుతో కొనిచ్చిన మనిషి. ఎర్రగడ్డ మాట అన్నదీ ఆయనే. రెండూ నిజమే, ఒకదాని కోసం ఇంకోదాన్ని కొట్టేయనక్కర్లేదు. ఆ మాట మాత్రం తప్పు. ఎర్రగడ్డలో ఉన్నది మానసిక వైద్యం చేసే ఆసుపత్రి, డాక్టర్లకు చదువు చెప్పే చోటు. రోజూ మన అక్కలూ అన్నలూ ఓపీ చీటీ పట్టుకుని క్యూలో నిలబడి చూపించుకుని, మధ్యాహ్నానికి పనుల్లోకి వెళ్ళిపోతారు. విశాఖ మానసిక ఆసుపత్రి పేరూ అంతే, మన నోళ్ళలో పడి తిట్టయింది. ఆ తిట్టుకు భయపడి ఇంట్లోనే కుమిలిపోయినవాళ్ళను నేను చూశాను. అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను.

సార్‌కు చెప్పాలా అంటే, ఎంత చెప్పాలన్నది మీ చేతిలో ఉంది. జబ్బు పేరు చెప్పకుండా అవసరం మాత్రమే చెప్పవచ్చు: "డాక్టరు సలహా ప్రకారం కొన్ని వారాలు డెబ్భై పర్సెంట్ దాటను, తిండి పెంచుతాను." అంతవరకే అయితే ఆయన నొచ్చుకోవచ్చు, బద్ధకం అనుకోవచ్చు. మొత్తం చెబితే అర్థం చేసుకోవచ్చు, లేదా హాల్లో ఇంకో నలుగురికి చెప్పవచ్చు. ఆయన స్వభావం మీకు తెలిసినంత నాకు తెలియదు. మొత్తం చెప్పాలనుకుంటే మాత్రం హాల్లో కాకుండా, ఆయన ఇంట్లో, ఆయన భార్య కూడా ఉన్నప్పుడు చెప్పండి. మీ ఉత్తరంలోనే మంచి మాటలున్నాయి, అవే వాడండి: "సార్, చెయ్యి తప్పినప్పుడు మీరే నన్ను ఎత్తుకుని అంబులెన్స్ ఎక్కించారు. ఎక్స్‌రే చూశారు కాబట్టి తొమ్మిది నెలలు నన్ను బార్ దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు ఎక్స్‌రేలో కనపడనిది జరుగుతోంది. అప్పటిలాగే ఇప్పుడూ నన్ను ఆపండి."

ఆయన నమ్మకపోతే మీరాబాయి చాను పేరు చెప్పండి, లిఫ్టింగ్ మనిషికి అది అర్థమవుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో క్లీన్ అండ్ జెర్క్ (బార్‌ను ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి ఎత్తడం) మూడు అటెంప్ట్‌లూ పోయి, టోటల్, అంటే రెండు లిఫ్టుల మొత్తం, రాకుండా వెనక్కి వచ్చింది. ఆ తర్వాత బాగా కుంగిపోయింది, మానసిక నిపుణుల సాయం తీసుకుంది. మరుసటి ఏడాదే ప్రపంచ చాంపియన్. టోక్యోలో 202 కిలోలతో రజతం. మైండ్ స్ట్రాంగ్ కాని మనిషి అని ఆమెను ఎవరంటారు?

అయితే మీకు ఇంకో పేరు కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఇంగ్లండ్ క్రికెట్ ఓపెనర్ మార్కస్ ట్రెస్కోథిక్ 2006లో మన దేశ పర్యటన మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది చివర్లో ఆస్ట్రేలియా నుంచీ అలాగే వెళ్ళాడు. ఆందోళన, డిప్రెషన్. అతను మళ్ళీ టెస్టు ఆడలేదు. కానీ తన కౌంటీ సోమర్సెట్‌కు 2019 దాకా ఆడాడు, తర్వాత ఇంగ్లండ్ జట్టుకే కోచింగ్ ఇచ్చాడు. ఇంటికి దూరంగా నెలల తరబడి ఉండటం తన వల్ల కాదని తెలుసుకుని, తనకు పట్టే ఆటను ఉంచుకున్నాడు. దాన్ని కోలుకోవడం కాదని నేను అనలేను. పతకాలతో తిరిగొచ్చినవాళ్ళ కథలే వినీ వినీ, కోలుకోవడం అంటే పోడియం ఎక్కడమే అని ఆటల్లో ఉన్నవాళ్ళు అనుకుంటారు. మీకు నిద్ర పట్టడం, అన్నం రుచి తెలియడం, చెల్లి ఫోన్ చేస్తే ఎత్తాలనిపించడం కోలుకోవడం. ఆట దాని తర్వాతి సంగతి.

ట్రయల్స్. పది వారాలంటే మందు పనిచేయడానికీ థెరపీ మొదలవడానికీ సరిగ్గా సరిపోయే కాలం, అంతకు మించి ఏమీ మిగలదు. వెళితే క్యాంపు సీటు నిలబడే అవకాశం ఉంది, ఆఫీసులో మాట పడదు. కానీ అందరి ముందూ బిగుసుకుపోయి మూడూ నో లిఫ్ట్ అయితే, చెయ్యి మళ్ళీ దెబ్బతింటే, అప్పుడు మీరు మొదలుపెట్టాల్సిన చోటు ఇవాళ్టికన్నా వెనక ఉంటుంది. వెళ్ళకపోతే ఈ సీజన్ క్యాంపు పోతుంది, మీ వెనక వస్తున్న ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల మీ చోటు తీసుకోవచ్చు, అది తిరిగి రాకపోవచ్చు కూడా. ఇది చిన్న నష్టం అని నేను చెప్పను. మధ్యలో ఒక దారి ఉంది. పేరు ఇచ్చి, ఎనిమిదో వారంలో మీరు, డాక్టరు, సార్ కలిసి నిర్ణయించడం. అప్పటికి నిద్ర కుదిరి, ఎనభై పర్సెంట్ దగ్గర కాళ్ళు కదులుతుంటే తక్కువ ఓపెనర్‌తో, అంటే మొదటి అటెంప్ట్‌కు తక్కువ బరువు పెట్టుకుని, వెళ్ళడం, లేకపోతే పేరు వెనక్కి తీసుకోవడం. నాకు ఆ దారి నచ్చింది గానీ, దానికి సార్ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వెళ్ళకపోవడమే మంచిదనుకుంటాను.

"ట్రయల్స్ పోతే ఇల్లు పోతుంది" అని రాశారు. రాత్రి మూడింటి లెక్క అది. పగటి పూట వేసి చూడండి. ఇంటి వాయిదా వెళ్ళేది ఉద్యోగం జీతం నుంచి, క్యాంపు నుంచి కాదు. క్యాంపు పోతే పోయేది అక్కడి భత్యం, ప్రోత్సాహకాలు. మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి, ఆట విషయంలో ఏ షరతులు రాశారో, గాయం, అనారోగ్యం గురించి ఏముందో చదవండి. జబ్బు బయటపడితే ఉద్యోగం తీసేస్తారేమోనన్న భయానికి రెండు చట్టాలు జవాబు చెబుతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మీది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్, సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదంటుంది. ఆ చట్టం మానసిక అనారోగ్యాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. మీది అంతదాకా వెళ్ళే జబ్బు కాదు. ధైర్యం కోసం చెబుతున్నానంతే.

ఆట వదిలేయడం, పెళ్ళి. ఈ రెండింటికీ ఇప్పుడు జవాబు ఇవ్వకండి, ఎవరు అడిగినా. వదిలేయడం తప్పని కాదు. 24 ఏళ్ళకు వదిలేసి, పటియాలాలో కోచింగ్ డిప్లొమా చేసి, పల్లెలో పిల్లలకు బార్ పట్టించే జీవితం గొప్పగా ఉండవచ్చు. అయితే ఆ నిర్ణయం మీరు తీసుకోవాలి, డిప్రెషన్ తీసుకోకూడదు. ఈ జబ్బులో ఉన్నప్పుడు ప్రతి తలుపూ మూసేసినట్టే కనిపిస్తుంది. ఆరు నెలలు ఆగి, నిద్ర వచ్చాక, ఇదే ప్రశ్న మళ్ళీ వేసుకోండి. అప్పుడూ వదిలేయాలనిపిస్తే అది నిజమైన కోరిక. పెళ్ళి విషయంలో నేను ఇంత మెత్తగా మాట్లాడలేను. పెళ్ళి మందు కాదు. దాచిపెట్టి చేసుకుంటే మందు మానేయాల్సి వస్తుంది, అత్తగారింట్లో దాక్కుని ఏడవాల్సి వస్తుంది. ఊళ్ళో తెలిస్తే సంబంధాలు రావని అమ్మ భయం. ఆ భయాన్ని తిట్టకండి. "చెయ్యి కట్టు ఉన్నప్పుడు సంబంధాలు చూడలేదు కదమ్మా, ఇదీ అంతే, కట్టు విప్పేదాకా ఆగు" అని చెప్పి చూడండి. చెల్లికి ముందు చెబితే, అమ్మకు చెప్పే భారం సగం అవుతుంది. మీరు ఫీజు కట్టి చదివిస్తున్న పిల్ల అది, మీకోసం ఆ మాత్రం చెయ్యగలదు.

నేను బార్ ఎత్తినదాన్ని కాదు. కానీ మీ ఆటలో ఒక నియమం నాకు తెలుసు. పోటీలో బార్ మీదికెక్కిన బరువు పెరగడమే గానీ తగ్గడం ఉండదు. మీరు ఆ నియమాన్ని హాస్టల్ గదిలోకీ, ఇంట్లోకీ, అన్నం పళ్ళెంలోకీ తెచ్చుకున్నారు. నాన్న అప్పు, చెల్లి ఫీజు, సార్ పరువు, మీ పాత బెస్ట్, ఒక్కో ప్లేటూ ఎక్కుతోంది తప్ప దిగడం లేదు. అది పోటీకి మాత్రమే నియమం. ప్రాక్టీస్ హాల్లో దించుకోని లిఫ్టర్ ఎవరైనా ఉన్నారా? గాయం తర్వాత కర్రతో మొదలుపెట్టించింది సారే కదా.

ఉత్తరం చివర సంతకం కింద ఇంకో వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవగలిగాను. "హాల్లో ఎవరూ లేనప్పుడు ఖాళీ బార్ పట్టుకుంటే మాత్రం చేతులు వణకవు మేడమ్." ఆ వాక్యాన్ని ఎందుకు కొట్టేశారు? సైకాలజిస్టు దగ్గర మొదటి రోజు ఏం చెప్పాలో తెలియకపోతే దాంతోనే మొదలుపెట్టండి. రేపు పొద్దున డాక్టరుకు ఫోన్, తర్వాత ఫిజియో అక్కకు ఈ జవాబు చూపించడం. పొడి డబ్బా ఆమె చేతికి ఇచ్చేయండి. సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక, అన్నం తిన్న తర్వాత వెళ్ళి, 15 కిలోల ఆ ఖాళీ బార్‌తో పది నిమిషాలు గడపండి, ప్లేట్లు ఎక్కించకుండా. మూడు వారాలయ్యాక నిద్ర ఎలా ఉందో నాకు రాయండి. ట్రయల్స్ గురించి అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.